పరమాణు తపస్వి స్వామి జ్ఞానానంద

విద్యారంభానికి ఒక వయస్సు ఉన్నదని, అది దాటిన వానికి విద్యామందిర ద్వారాలు మూసుకొని పోతాయని మన సమాజంలో ఒక విశ్వాసం బలంగా నాటుకొని ఉన్నది. అడవులదీవి, నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థులలో పొలం పనిలోనో, చేపల వేటలోనో రెండు మూడేండ్లు కుటుంబ భారాన్ని మోసి, ఆ తరువాత పుస్తకం పట్టినవారు ఉంటారు. అట్టివారు తమకంటె చిన్నవారి సరసన కూర్చొనడానికి సంకోచిస్తారు. ఆలస్యమైపోయిందని తమలో తాము కుమిలిపోతారు. అట్టి విద్యార్థి తెలిసికొనదగిన తెలుగువాడు ఒకరున్నారు. ముప్ఫయ్యో ఏడు నిండే వరకు భౌతికశాస్త్రం జోలికి పోని ఆ వ్యక్తి, నలభయ్యో ఏట ఐరోపా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. ఆయనే స్వామి జ్ఞానానంద. ఆయన జీవితంతోబాటు, ఆయన కాలంలోనే లోకానికి తెలియవచ్చిన యురేనియం రహస్యాన్ని కూడా ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఆ రహస్యంలో కూడా ఆలస్యంగా వచ్చేవారికి ఒక గొప్ప స్థానం ఉండడం విశేషం.

జననం, బాల్యం

1896వ సంవత్సరం విజ్ఞానశాస్త్ర చరిత్రలో చిరస్మరణీయమైనది. ఆ ఏడాది ఫిబ్రవరి చివరలో పారిస్ నగరంలో హెన్రీ బెకెరల్ అనే శాస్త్రజ్ఞుడు, నల్లకాగితంలో చుట్టిన ఫోటో పలకపై యురేనియం లవణాన్ని ఉంచి సొరుగులో పెట్టాడు. సూర్యరశ్మి సోకకపోయినా ఆ పలకపై మచ్చ ఏర్పడింది. యురేనియం తనంతట తానే కిరణాలను వెలువరిస్తున్నదని ఆ విధంగా తెలిసింది. అదే సంవత్సరం డిసెంబరు 5వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరానికి సమీపాన ఉన్న గొరగనమూడి గ్రామంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. సన్న్యాస స్వీకారానంతరం ఆయనే స్వామి జ్ఞానానంద అయినారు.

గొరగనమూడి కూడా మన ప్రాంతం వంటిదే. కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు, కొద్ది దూరాన సముద్రం. తండ్రి రామరాజు గారి ఇంట ప్రాచీన గ్రంథాలు సమృద్ధిగా ఉండేవి. నరసాపురంలోని టైలర్ ఉన్నత పాఠశాలలో చదువు సాగినా, బాలుని మనస్సు పరీక్షలమీద కంటె సత్యాన్వేషణమీదనే లగ్నమైంది. యౌవనారంభంలోనే ఇల్లు విడిచి ఉత్తరదిశగా ప్రయాణమైనారు. నేపాల్, హిమాలయ ప్రాంతాలలో దాదాపు ఒక దశాబ్దకాలం యోగసాధనలో గడిపారు. తోటివారు పట్టాలు పుచ్చుకొని ఉద్యోగాలలో స్థిరపడుతున్న వయస్సులో ఆయన చేతిలో పట్టా లేదు, జేబులో ధనం లేదు. లోకం దృష్టిలో అవి వ్యర్థమైన సంవత్సరాలు. కాని మనస్సును ఒకే విషయంమీద గంటల తరబడి నిలుపగల శక్తి ఆ సంవత్సరాలలోనే ఆయనకు అలవడిందని అనుకోవడానికి ఆయన తరువాతి జీవితమే సాక్ష్యం.

జర్మనీ నుండి ప్రాగ్ వరకు

సాధనకాలంలో తాను రచించిన పూర్ణసూత్రములు అనే గ్రంథాన్ని ప్రచురించే ఉద్దేశంతో 1927లో స్వామి జర్మనీ వెళ్లారు. అక్కడ యోగశాస్త్రాన్ని గురించి ఉపన్యసించారు. అయితే, చెప్పడానికి వెళ్లిన ఆయన నేర్చుకొనడానికి నిలిచిపోయారు. సాపేక్ష సిద్ధాంతం, పరమాణు నిర్మాణం ఐరోపాలోని పండితులను కుదిపివేస్తున్న రోజులవి. డ్రెస్డెన్ నగరంలో స్వామి గణితాన్ని, భౌతికశాస్త్రాన్ని మొదటి మెట్టునుండి అభ్యసించారు. పరాయి భాష, పరాయి వాతావరణం, పదేండ్లు చిన్నవారైన సహాధ్యాయులు. ఇవేవీ ఆయనను ఆపలేదు.

అక్కడినుండి చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ చేరి, చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డొలెయ్‌షెక్ వద్ద ఎక్సురే వర్ణపట శాస్త్రంలో పరిశోధన చేశారు. స్ఫటికాలచేత ఎక్సు కిరణాలను విడదీసి, వాటి తరంగదైర్ఘ్యాలను అత్యంత సూక్ష్మంగా కొలిచే విద్య అది. 1936లో ఆయనకు డాక్టరేటు లభించింది. ఆ దేశపు వాయవ్య సరిహద్దు కొండలలోనే యాఖిమోవ్ గనులున్నాయి. మేరీ క్యూరీ దంపతులు 1898లో రేడియం కనుగొనడానికి తోడ్పడిన యురేనియం ఖనిజం ఆ గనులదే. 1938లో జర్మనీ ఆ భూమిని ఆక్రమించి, 1939లో యురేనియం ఎగుమతిని నిలిపివేసింది. అందుకు కారణం తెలిసికొనడానికి మనం ఒక్కసారి యురేనియం పరమాణువు గర్భంలోకి తొంగి చూడవలసి ఉన్నది.

శృంఖల చర్య అంటే ఏమిటి?

యురేనియం పరమాణు కేంద్రకంలో 92 ప్రోటాన్లు ఉంటాయి. న్యూట్రాన్ల సంఖ్యనుబట్టి ఈ పరమాణువులు ప్రధానంగా రెండు రకాలు. ప్రకృతిలో లభించే వేయి పరమాణువులలో సుమారు 993 యురేనియం 238 రకానివి. తక్కిన ఏడు మాత్రమే యురేనియం 235 రకానివి. కథ అంతా ఈ ఏడింటి చుట్టూ తిరుగుతుంది.

1932లో ఇంగ్లండులో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. దీనికి విద్యుదావేశం లేదు కనుక కేంద్రకంలోకి అడ్డు లేకుండా ప్రవేశించగలదు. 1938 డిసెంబరులో బెర్లిన్ నగరంలో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లు తాకిన యురేనియంలో బేరియం జాడను చూశారు. బరువులో యురేనియంకు సగమైన ఆ మూలకం అక్కడికి ఎట్లా వచ్చింది? నాజీల బారినుండి తప్పించుకొని స్వీడన్‌లో తలదాచుకొన్న లీజ్ మైట్నర్, ఆమె సోదరి కుమారుడు ఆటో ఫ్రిష్ ఆ చిక్కు విప్పారు. న్యూట్రాన్‌ను మింగిన కేంద్రకం నీటిబొట్టువలె సాగి, నడుమ సన్నబడి, రెండుగా తెగిపోతున్నది. తెగిన రెండు ముక్కలూ అపార వేగంతో విడిపోతాయి. ఈ క్రమంలో మొత్తం ద్రవ్యరాశిలో వేయింట ఒక వంతుకు కొంచెం తక్కువ భాగం శక్తిగా మారుతుంది. వినడానికి స్వల్పమే. కాని ఒక కిలోగ్రాము యురేనియం 235 పూర్తిగా విచ్ఛిత్తి చెందితే వచ్చే వేడి, రెండున్నర మూడు వేల టన్నుల బొగ్గును కాల్చితే వచ్చే వేడితో సమానం.

1939లో పారిస్‌లోను, న్యూయార్క్‌లోను మరొక విషయం తేలింది. ఒక కేంద్రకం తెగినపుడు రెండో మూడో కొత్త న్యూట్రాన్లు వెలువడుతున్నాయి. సగటున ఇంచుమించు రెండున్నర. అవి మరికొన్ని కేంద్రకాలను ఛేదిస్తే మరికొన్ని న్యూట్రాన్లు, వాటివల్ల మరికొన్ని విచ్ఛిత్తులు. ఇదే శృంఖల చర్య. చదరంగం బల్లపై గడి గడికి గింజలను రెట్టింపు చేయమని రాజును కోరిన పండితుని కథ మనకు తెలుసు. యురేనియంలో ఎనభై రెట్టింపులు చాలును. అర కిలోగ్రాముకు చాలినన్ని పరమాణువులు తెగిపోతాయి. శుద్ధమైన యురేనియం 235లో ఆ ఎనభై తరాలు గడవడానికి సెకనులో పదిలక్షల వంతు కాలం కూడ పట్టదు.

అట్లయితే భూమిలోని యురేనియం గనులు పేలిపోవేమని ప్రశ్న కలుగవచ్చు. పుట్టిన న్యూట్రాన్లకు శత్రువులు పెక్కు. కొన్ని ముక్క ఉపరితలంనుండి బయటికి పారిపోతాయి. కొన్నిటిని 238 రకం కేంద్రకాలు మ్రింగి ఊరకుంటాయి. కొన్ని మలినాల పాలవుతాయి. విడివిడిగా పరచిన నిప్పులు చల్లారిపోతాయి. కుప్ప చేసిన నిప్పులు రగులుతాయి. అట్లే తగినంత పదార్థం ఒకచోట చేరితేగాని చర్య నిలువదు. ఆ కనీస పరిమాణాన్నే సందిగ్ధ ద్రవ్యరాశి అంటారు. మరొక ఉపాయం కూడ ఉన్నది. మెల్లగా కదలే న్యూట్రాన్లను 235 కేంద్రకాలు సులభంగా పట్టుకొంటాయి. గోళీ వెళ్లి పెద్ద బండను కొడితే అదే వేగంతో వెనుకకు వస్తుంది. మరొక గోళీని కొడితే తన వేగాన్ని దానికి ఇచ్చి తాను నెమ్మదిస్తుంది. కనుక న్యూట్రాన్‌ను నెమ్మదింపజేయడానికి తేలికైన కేంద్రకాలు గల నీరు, భారజలం, గ్రాఫైట్ వంటివి ఉపయోగపడతాయి. వీటిని మితకారులంటారు.

తరానికి తరానికి న్యూట్రాన్ల సంఖ్య తగ్గితే చర్య ఆరిపోతుంది. పెరిగితే మంట చెలరేగుతుంది. ప్రతి విచ్ఛిత్తినుండి సరిగ్గా ఒక్క న్యూట్రాన్ మాత్రమే తన తరువాతి విచ్ఛిత్తికి కారణమైతే చర్య స్థిరంగా సాగుతుంది. రియాక్టర్ అనగా ఈ ఒక్కటి అనే లెక్కను నిలిపే యంత్రమే.

లివర్‌పూల్‌లో బీటా కిరణాలు

రెండవ ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందుగా స్వామి ఇంగ్లండు చేరారు. న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ అప్పటికే లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నాడు. ఆయన వద్దనే స్వామి కేంద్రక భౌతికశాస్త్రంలో పరిశోధన సాగించారు. యుద్ధకాలంలో ఆ విశ్వవిద్యాలయం బ్రిటన్ అణు పరిశోధనకు ముఖ్య కేంద్రాలలో ఒకటైంది. ఆటో ఫ్రిష్ కూడ 1940లో అక్కడికే వచ్చాడు. అయితే స్వామి ఎన్నుకొన్న విషయం ఆయుధం కాదు, బీటా కిరణాలు. అస్థిరమైన కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారునపుడు బయటికి దూసుకొని వచ్చే ఎలక్ట్రాన్లే ఆ కిరణాలు. అయస్కాంత క్షేత్రంలో అవి ఎంత వంగుతాయో చూసి వాటి శక్తిని కొలిచే వర్ణపటమాపకం మీద ఆయన కృషి చేశారు. ఎలక్ట్రాన్ దారిలో గాలి ఉంటే కొలత తప్పుతుంది. అందుచేత పరికరంనుండి గాలిని సాధ్యమైనంతవరకు తొలగించే విద్యలోను ఆయన నిష్ణాతులైనారు.

బీటా కిరణాలకు శృంఖల చర్యతో సంబంధమేమని విద్యార్థి అడుగవచ్చు. ఈ వ్యాసానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉన్నది.

విలంబిత న్యూట్రాన్లు

1942 డిసెంబరు 2వ తేదీన అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో, క్రీడాస్థలపు మెట్లక్రింద ఉన్న ఒక గదిలో, ఎన్రికో ఫెర్మి గ్రాఫైట్ దిమ్మెలను, యురేనియంను పేర్చి ప్రపంచంలో మొట్టమొదటిసారిగా మానవ నిర్మితమైన శృంఖల చర్యను సాగించాడు. దాని నుండి వచ్చిన శక్తి అర వాటు మాత్రమే. టార్చిలైటు బల్బుకు కూడ చాలదు. న్యూట్రాన్లను మ్రింగే కాడ్మియం కడ్డీలను లోపలికి తోసి ఆయన ఆ చర్యను ఆపగలిగాడు. కాలువ లాకు వద్ద తలుపును ఎత్తి దించినట్లు, కడ్డీలను పైకి లాగితే చర్య పెరుగుతుంది, దించితే తగ్గుతుంది.

కాని మనిషి చేతికి అంత వేగం ఉన్నదా? లెక్క వేసి చూద్దాం. ఒక తరంలో 1000 న్యూట్రాన్లు, మరు తరంలో 1001 అనుకొందాం. తరానికి సెకనులో వెయ్యో వంతు పడుతుందనుకొందాం. ఒక్క సెకనులో సంఖ్య రెండున్నర రెట్లు దాటుతుంది. పది సెకన్లలో ఇరవై వేల రెట్లు దాటుతుంది! లాకు తలుపు దించేలోగా వరద వచ్చి పడుతుంది. రియాక్టర్ అనేది అసాధ్యమై ఉండవలసినదే.

ప్రకృతి అక్కడ ఒక దయ చూపింది. విచ్ఛిత్తిలో వెలువడే న్యూట్రాన్లన్నీ ఒకేసారి రావు. వేయింట 993 తక్షణమే వస్తాయి. తక్కిన ఆరో ఏడో ఆలస్యంగా వస్తాయి. విచ్ఛిత్తి వల్ల ఏర్పడిన ముక్కలలో కొన్ని, ఉదాహరణకు బ్రోమిన్ 87, ముందుగా బీటా కిరణాన్ని విడిచి, ఆ తరువాతనే న్యూట్రాన్‌ను విడుస్తాయి. ఆ బ్రోమిన్ అర్ధాయువు సుమారు 56 సెకన్లు. ఇట్లు సెకనులో కొంత భాగం మొదలుకొని నిమిషం దాటేవరకు ఆగి వచ్చే వీటినే విలంబిత న్యూట్రాన్లంటారు. 1939లోనే వీటి ఉనికి బయటపడింది. రియాక్టర్‌ను నిర్మించేవారు తక్షణ న్యూట్రాన్లతో మాత్రమే ఒకటి అనే లెక్క పూర్తి కాకుండ జాగ్రత్త వహిస్తారు. ఆ లోటు భర్తీ చేసేవి ఈ ఆలస్యపు న్యూట్రాన్లే. అవి వచ్చేవరకు చర్య వేచి ఉండక తప్పదు. అప్పుడు వేయికి ఒక్కటి హెచ్చినా, న్యూట్రాన్ల సంఖ్య రెండు మూడు రెట్లు కావడానికే ఇంచుమించు నిమిషం పడుతుంది. ఆ నిమిషమే మానవునికి దొరికిన అవకాశం.

వేయిమందిలో ఏడుగురు, అందరికంటె వెనుక వచ్చేవారు. యురేనియం దీపమగునా, దావానలమగునా అన్నది వారి చేతిలో ఉన్నది. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపై పడిన బాంబులో ఆ ఏడుగురికోసం వేచి ఉండే ఏర్పాటు లేదు. ఉండకూడదనే దానిని నిర్మించారు. అందులోని సుమారు 64 కిలోల యురేనియంలో ఒక కిలో లోపే విచ్ఛిత్తి చెందింది. ఆ సంవత్సరాంతానికి మరణించినవారు దాదాపు 1,40,000 మంది. 1986లో చెర్నోబిల్ రియాక్టర్ అదుపు తప్పినపుడు కూడ చర్య ఆలస్యపు న్యూట్రాన్ల పట్టు దాటిపోయింది. బీటా కిరణాలలో మరొక హెచ్చరిక కూడ ఉన్నది. శృంఖల చర్యను ఆపినా, ముక్కలలో బీటా క్షయం ఆగదు. దానివలన వేడి పుడుతూనే ఉంటుంది. 2011లో జపానులోని ఫుకుషిమాలో భూకంపం రాగానే చర్య ఆగిపోయింది. కాని సునామీవల్ల చల్లబరచే ఏర్పాటు దెబ్బతిన్నందున, ఆ మిగిలిన వేడియే ఇంధనాన్ని కరిగించింది. నిప్పు ఆర్పినంతమాత్రాన బూడిద చల్లారదు. స్వామి తన ప్రయోగశాలలో కొలిచిన కిరణాలు ఇట్టి జాతివే. ఆర్భాటంలేని విషయంగా కనిపించినా, అణుశక్తి నియమమూ, అణుశక్తి ప్రమాదమూ రెండూ అందులో ఇమిడి ఉన్నాయి.

తిరిగి మాతృభూమికి

ఇంగ్లండునుండి స్వామి అమెరికా వెళ్లి మిచిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక సమస్థానీయాలపై పనిచేశారు. శూన్య సాధనపై ఆంగ్లంలో ఆయన రచించిన హై వాక్యువా అనే గ్రంథం 1947లో న్యూయార్క్‌నుండి వెలువడింది. గ్రంథకర్తగా అచ్చైన పేరు స్వామి జ్ఞానానంద అనియే. ప్రయోగశాల ఆయన సన్న్యాసాన్ని మాన్పలేదు. సన్న్యాసం ఆయన పరిశోధనను అడ్డలేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆ 1947లోనే తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు. ఇతరులు విశ్రాంతికి సిద్ధమయ్యే వయస్సులో ఆయన వాల్తేరులో కేంద్రక భౌతికశాస్త్ర బోధనకు, పరిశోధనకు పునాదులు వేశారు. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో మన దేశపు మొట్టమొదటి రియాక్టర్ అప్సర శృంఖల చర్యను ప్రారంభించింది. దేశానికి రియాక్టర్లతోబాటు, వాటిని అర్థం చేసికొనగల మనుష్యులు కూడ కావలసివచ్చిన కాలమది. అట్టి మనుష్యులను తయారుచేసే పనిని తెలుగునాట స్వామి చేపట్టారు. 1965 వరకు ఆ శాఖకు అధ్యక్షులుగా ఉండి, 1969 సెప్టెంబరు 21వ తేదీన కన్నుమూశారు. తారాపూర్ అణువిద్యుత్ కేంద్రం వాణిజ్యరీత్యా విద్యుత్తు నీయడం ఆ మరుసటి నెలలోనే ఆరంభమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని కేంద్రక పరిశోధనాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఈనాడు కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని తవ్వుతున్నారు. 1970వ దశకం తొలినాళ్లనుండి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం రియాక్టర్లకు ఇంధన కడ్డీలను తయారుచేస్తున్నది. గోదావరి ఒడ్డున మణుగూరులో భారజలం తయారవుతున్నది. అనగా శృంఖల చర్య దూరదేశపు వింత కాదు. మన నేల మీది వ్యవహారమే. గని ప్రక్క రైతు తన బావి నీటిని గురించి అడిగే ప్రశ్నకు భయంతో గాక, ప్రచారంతో గాక, లెక్కతో సమాధానం చెప్పగలవారు కావాలి. వారు మన గ్రామాలనుండియే రావాలి.

విద్యార్థులారా! కృష్ణా కాలువ నీరు ఎగువ పొలాలను తడిపిన తరువాతగాని మన శివారు భూములకు చేరదు. ఆలస్యంగా వచ్చినదని ఆ నీటిని ఏ రైతూ వెనుకకు పంపడు. ఆ నీటితోనే పంట పండిస్తాడు. గొరగనమూడి కుర్రవాడు హిమాలయాలు చుట్టి, డ్రెస్డెన్‌లో ముప్ఫయ్యేండ్లు దాటి పాఠం మొదలుపెట్టి, వాల్తేరులో అరవయ్యో ఏడు సమీపిస్తుండగా తన పాఠశాలను నెలకొల్పాడు. మీలో ఎవరైనా వెనుకబడితిమని తలవంచుకొని తరగతిలో చివరి బల్లపై కూర్చొని ఉంటే, వేయింట ఆ ఏడు న్యూట్రాన్లను ఒక్కసారి జ్ఞాపకం చేసికొనండి. తరువాత పుస్తకం తెరవండి.